మా ఇంట్లో షోకేసు లేదు

మొన్న ఆదివారం మా ఆడపడుచు పోరంకి నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూ విప్పుతూ గుమ్మంలోనే ఆగిపోయి "ఏంటొదినా, మళ్ళీ పెంచావా వీటిని?" అంది. వీటిని అంటే కోళ్ళూ కుందేళ్ళూ అనుకునేరు, బొమ్మలు. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన చెక్క తాబేలు, కిటికీ ఊచల మధ్య రెండు చిలకలు, టీవీ పక్కన అంబారీ ఏనుగు, అంబారీలో కూర్చున్న రాజుగారు ఎప్పుడో ఊడిపోతే ఆ ఖాళీలో మా ఆయన బైకు తాళాలు, బియ్యం డబ్బా మీద కోడిపుంజు, ఫ్రిజ్ తలుపు నిండా చేపలు. "తిరనాళ్ళకొచ్చినట్టుంది" అనుకుంటూ లోపలికొచ్చి, కూర్చోబోయి, కుర్చీలో ఉన్న గుడ్లగూబని తీసి పక్కన పెట్టింది. పెట్టాక మళ్ళీ దాన్నే చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూర్చుంది అనుకోండి, అది వేరే సంగతి.

వాళ్ళ కొత్త ఫ్లాట్ నేను చూశా, గృహప్రవేశానికి వెళ్ళా. గోడలన్నీ తెలుపు, సోఫా బూడిద రంగు, టీవీ వెనకాల చెక్క పట్టీల డిజైను, అంతే, ఇంకో వస్తువు కనపడితే ఒట్టు. అన్నీ తలుపుల వెనకాల ఉన్నాయి. ఇంటీరియర్ చేసిన కుర్రాడు ఆ తలుపులకి హేండిల్స్ కూడా పెట్టలేదు, నొక్కితే తెరుచుకుంటాయంట, ఎక్కడ నొక్కాలో ఇంటావిడకే గుర్తుండట్లా, పాపం ఆ రోజు చెంచాల కోసం మూడు అరలు నొక్కింది. దీన్ని సింపుల్ లివింగ్ అంటారంట. ఆ సింపుల్‌కి 8 లక్షలు అయిందంట.

మా ఆడపడుచుతో నాకు గొడవేం లేదు, మంచి పిల్ల, కష్టపడి కొనుక్కున్నారు. ఆ సింపుల్ అనే మాటతోనే నా గొడవ. యూట్యూబ్‌లో చూసినా, ఇన్‌స్టాలో చూసినా సింపుల్ అంటే ఖాళీ గది, ఒక మూల తెల్ల కుండీలో మొక్క. అందులో ఎవరు ఉంటారో, ఏం తింటారో, ఎవరి పిల్లలు ఎక్కడ గీతలు గీస్తారో తెలీదు. నా లెక్క వేరే. నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తా కాబట్టి లెక్క అనే మాట అలవాటు. ఇంట్లో ఎన్ని వస్తువులున్నాయి అని లెక్కపెట్టను, వాటిలో ఎన్ని పాడైతే మన చేత్తో మనం బాగు చేసుకోగలం అని లెక్కపెడతా. ఆ లెక్కన చూస్తే హేండిల్ లేని తలుపు సింపుల్ కాదు, దాని లోపల స్ప్రింగు పోతే కుర్రాడికి ఫోన్ చేయాలి, వాడు ఎత్తడు. మా తాబేలు కాలు విరిగితే చింతపిక్కల జిగురు చాలు.

ఈ పిచ్చి నాకు ఎక్కడిదో చెప్తా. మా నాన్న ఆటోనగర్‌లో లారీలకి పెయింటింగ్ చేసేవాడు. బాడీ కట్టటం అయ్యాక రంగులేసి, నంబర్లు రాసి, వెనక డోరు మీద ఓనరు ఏది అడిగితే అది వేయాలి. ఎక్కువ మంది అడిగేది ఆవూ దూడా, తర్వాత నెమలి, తర్వాత తామరపూలు, కొంతమంది సింహం. ఆయన సింహాలు మాత్రం అన్నీ మా ఎదురింటి పిల్లి మొహంతోనే ఉండేవి, ఆయన ఎప్పుడూ సింహాన్ని చూళ్ళేదు మరి. పని అయ్యాక డబ్బాల్లో అడుగున మిగిలిన పెయింటు మేస్త్రి తీసుకుపొమ్మంటే ఇంటికి తెచ్చేవాడు. ఎరుపు ఎక్కువ మిగిలేది, పసుపు తక్కువ. అందుకే మా చిన్నప్పటి ఇంట్లో చిలకలు కూడా ఎర్రగా ఉండేవి.

రాత్రి అన్నం తిన్నాక లుంగీ ఎగ్గట్టి కూర్చుని బియ్యం డబ్బాకో, నీళ్ళ బకెట్టుకో, మా స్కూలు ట్రంకు పెట్టెకో వేసేవాడు. ముందు సుద్దముక్కతో గీత, తర్వాత లేత రంగు ఒక పూత, అది ఆరేదాకా బీడీ, తర్వాత ముదురు రంగు, చివర్న నల్ల అంచు. అంతా అయ్యాక అగ్గిపుల్ల వెనక కొసని తెల్ల పెయింటులో ముంచి కంట్లో ఒక్క చుక్క పెట్టేవాడు. అప్పటిదాకా బొమ్మగా ఉన్న కోడిపుంజు ఆ చుక్క పడంగానే మన వంక తిరిగి "ఏంటి?" అన్నట్టు చూసేది. ఆ చుక్క పెట్టే ఛాన్సు కోసం నేనూ మా తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు మా ఫ్రిజ్ మీద చేపలు నేను వేసినవే, చుక్కలు మాత్రం మా అమ్మాయి పెట్టింది, ఆరో తరగతి, అందుకే రెండు చేపలకి మెల్లకన్ను.

ఇది పేదరికంలోంచి వచ్చిన అలవాటే, దాచేదేముంది. కొత్త బకెట్టు కొనలేం కాబట్టి పాతదానికి రంగేసుకున్నాం. కానీ బకెట్టు కొనగలిగిన రోజు వచ్చాక కూడా మా నాన్న మానలేదు, అది మాత్రం పేదరికం కాదు.

కెనడాలో మాడ్ లూయిస్ అని ఒకావిడ ఉండేది, ఆవిడ సంగతి చదివినప్పుడు నాకు మా నాన్నే గుర్తొచ్చాడు. నోవా స్కోషియా రాష్ట్రంలో మార్షల్‌టౌన్ అనే పల్లెటూరు, రోడ్డు పక్కన ఒకటే గది ఇల్లు, 13 అడుగుల పొడవూ 12 అడుగుల వెడల్పూ ఉంటదేమో అంతే, కరెంటు లేదు, కుళాయి లేదు. భర్త చేపలు అమ్ముకునేవాడు. ఈవిడకి చిన్నప్పటి నుంచీ కీళ్ళవాతం, వేళ్ళు వంకర్లు పోయి ఉండేవి, ఆ వేళ్ళతోనే బ్రష్షు పట్టి పిల్లుల్నీ, కాడికి కట్టిన ఎద్దుల్నీ, పిట్టల్నీ, పూలనీ వేసేది. అట్టముక్క మీద వేసేది, అది చాలకపోతే తలుపు మీద, కిటికీ అద్దాల మీద, మెట్ల మీద, పొయ్యి మీద, రొట్టెల డబ్బా మీద. రంగులు కూడా ఇళ్ళకీ పడవలకీ వేయగా మిగిలినవే ఎక్కువ. లారీకి బదులు పడవ, అంతే తేడా. రోడ్డు మీద కార్లో పోయేవాళ్ళు ఆగి 2 డాలర్లకీ 5 డాలర్లకీ కొనుక్కునేవాళ్ళు. 1970లో చనిపోయింది. ఆవిడ వేసిన నల్ల ట్రక్కు బొమ్మ ఒకటి, ఎవరో హోటల్లో శాండ్‌విచ్‌లకి బదులుగా ఇచ్చింది, 2022లో వేలంలో 3 లక్షల 50 వేల కెనడా డాలర్లకి పోయింది. ఆ ఇల్లు ఇల్లుగానే తీసుకెళ్ళి హాలిఫాక్స్‌లో మ్యూజియం లోపల పెట్టారు.

ఇది చెప్తే అందరూ "ఎంత స్ఫూర్తి" అంటారు. నాకు స్ఫూర్తి కంటే ముందు ఒళ్ళు మండుద్ది. చలిదేశంలో కీళ్ళనొప్పులతో, నీళ్ళు బయట నుంచి మోసుకుంటూ బతికిన మనిషిని పట్టుకుని "చూశారా, పేదరికంలో కూడా ఎంత ఆనందమో" అనటం ఏంటి? ఆ 3 లక్షల 50 వేలల్లో ఆవిడకి ఒక మంచి స్టవ్ వచ్చి ఉంటే ఎంత బాగుండేది. నేను ఆవిడ దగ్గర తీసుకునేది ఒక్కటే, రొట్టెల డబ్బా మీద పూలేసినాక అందులో రొట్టెలు పెట్టుకుంది. తీసి గోడకి తగిలించలేదు.

మన దగ్గర దీనికి సరిగ్గా ఉల్టా ఒక పద్ధతి ఉంది, దాని పేరు షోకేసు.

గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమావయ్య ఇంట్లో ముందుగదిలో గోడ సగం షోకేసు ఉండేది. అద్దాల తలుపులు, లోపల చిన్న బల్బు. కొండపల్లి ఎడ్లబండి, దశావతారాలు, తిరుపతి నుంచి తెచ్చిన కొయ్యబొమ్మలు, తాజ్‌మహల్ ఎటూ ఉంటది, బావ గెలిచిన కప్పులు, ఎవరి పెళ్ళికో ఇచ్చిన గాజు హంసల జంట. తాళం అత్తయ్య బీరువాలో. సెలవులకి వెళ్తే నేను ఆ ఎడ్లబండి ముందు నిలబడి అద్దానికి ముక్కు ఆనించి చూసేదాన్ని, ఊపిరికి అద్దం మసకబారి బండి కనపడేది కాదు, తుడిచి మళ్ళీ చూసేదాన్ని. "చూడు గానీ ముట్టుకోకు, చెయ్యి పడితే నలుపెక్కుద్ది" అనేది అత్తయ్య వంటింట్లోంచే. ఆ బండి చక్రాలు తిరుగుతాయో లేదో నాకు ఇరవయ్యేళ్ళొచ్చేదాకా తెలీదు. తర్వాత నా సొంత డబ్బుతో ఒకటి కొనుక్కున్నప్పుడు మొట్టమొదట చేసిన పని కొట్టు బయట అరుగు మీద పెట్టి తోయటం. తిరిగాయి. కొంచెం వంకరగా.

ఆడుకునేదాన్నే కదా బొమ్మ అంటాం. పోనీ సంక్రాంతికీ దసరాకీ బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు మెట్లు కట్టి, తెల్ల పంచె పరిచి మూడు రోజులో తొమ్మిది రోజులో పేరంటం చేసి తీసేస్తారు, అది పండగ, దాన్ని నేను తప్పు పట్టను. షోకేసుది పండగ కాదు, 365 రోజులూ జైలు. లోపల ఉన్న ఏనుగుకి తొండం విరగదు, రంగు పోదు, దాంతో ఎవరికీ ఏ కథా జరగదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత మా మావయ్య ఇల్లు అమ్మేసినప్పుడు ఆ బండి కొత్తదానిలాగే ఉంది, ఎవరికీ వద్దు. నాకివ్వమని అడిగేలోపే ఎవరో పట్టుకుపోయారు.

కొండపల్లి మాకు దూరమేం కాదు, బండి మీద భవానీపురం, గొల్లపూడి దాటి ఇబ్రహీంపట్నం వైపు పోతే థర్మల్ స్టేషను పొగగొట్టాలు కనపడతాయి, అక్కడి నుంచి ఎంతో లేదు, మొత్తం 20 కిలోమీటర్లు అటూఇటూ. బొమ్మల కాలనీలోకి వెళ్తే ఇళ్ళ తలుపులు తీసే ఉంటాయి, వసారాలోనే పని. చేసేవాళ్ళు ఆర్యక్షత్రియులు, రాజస్థాన్ నుంచి నాలుగు వందల ఏళ్ళ కిందట వచ్చామని వాళ్ళే చెప్పుకుంటారు. చెక్క పేరు తెల్ల పొణికి, ఆ చుట్టుపక్కల కొండల్లో పెరుగుద్ది. ఒకసారి ఆ దుంగముక్క చేతికిచ్చారు, నేను బరువు ఉంటదని రెండు చేతులూ చాపా, అది దూదిమూటలాగా వచ్చి పడింది, వాళ్ళు నవ్వారు. అంత తేలిక. దాన్ని బాగా ఆరబెట్టి, సన్న సెగ మీద కాచి తడి పోగొట్టి అప్పుడు ఉలి పెడతారు. మనం ఒకటే చెక్క అనుకుంటాం గానీ ఆవు ఒళ్ళు వేరే, కాళ్ళు వేరే, చెవులు కొమ్ములు తోక అన్నీ విడివిడిగా చెక్కి తర్వాత అతికిస్తారు. అతికేది మక్కుతో. చింతపిక్కల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్ద అది. దాంతోనే కీళ్ళు పూడ్చి, మూపురం కావాలంటే మూపురం పెంచి, పైన సున్నం పూత పూసి, ఆరినాక రంగులు. మగవాళ్ళు చెక్కుతుంటే ఆడవాళ్ళు పక్కనే కూర్చుని రంగులేస్తుంటారు, టీవీలో సీరియల్ నడుస్తా ఉంటది, చెయ్యి ఆగదు.

నేను ఈ మక్కు సంగతి ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే 2024 సెప్టెంబరులో నాకు అది ఒంటికి తగిలింది.

అప్పుడు మేం సింగ్ నగర్‌లో కింద పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆగస్టు 31 శనివారం అంతా వాన. ఒకటో తారీకు ఆదివారం పొద్దున లేచేసరికి వీధిలోకి నీళ్ళు, బుడమేరు వాగు పొంగింది అన్నారు, టీ పెట్టుకునేలోపు గుమ్మం దాటాయి, మధ్యాహ్నానికి మొల లోతు. పిల్లల సర్టిఫికెట్లూ, మందులూ, గ్యాస్ బండా పైకి మోసుకుని ఓనరుగారింట్లోకి ఎక్కాం. ఆ తర్వాత వారం రోజుల సంగతి అందరికీ తెలిసిందే, పడవలు, హెలికాప్టరు, డ్రోన్‌తో పడేసిన అన్నం పొట్లాలు. అవతల కృష్ణకి ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, అంతకుముందు ఎప్పుడూ అంత రాలేదు. బుడమేరుకి గండ్లు పడింది ఎక్కడనుకున్నారు, కొండపల్లి వైపే. అంటే మా బొమ్మలు పుట్టిన ఊరి పక్క నుంచి నీళ్ళు మా బొమ్మలున్న ఇంట్లోకి వచ్చాయి.

తొమ్మిదో రోజు కిందకి దిగాం. ఆ వాసన నేను రాయలేను. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. చెక్కపొట్టు అట్టతో చేసిన బీరువా, కొని రెండేళ్ళు కాలేదు, నానిన బ్రెడ్డులాగా ఉబ్బి చెయ్యి పెడితే ఊడొచ్చింది. మంచం, సోఫా, మిక్సీ, పిల్లల పుస్తకాలు, అన్నీ రోడ్డు మీద కుప్ప. వీధి వీధంతా అట్లాంటి కుప్పలే. బురద ఎత్తిపోస్తుంటే మా అమ్మాయి వంటింటి గట్టు వెనక నుంచి ఒక చెవి తెచ్చింది. ఏనుగు చెవి. తర్వాత ఒక కాలు. తర్వాత మేం అందరం అదే పనిగా వెతకటం మొదలుపెట్టాం, ఇంకా కడగాల్సిన ఇల్లంతా అట్లాగే ఉంది, మా ఆయన చీపురు పక్కన పడేసి మంచం కోళ్ళ మధ్య నుంచి నెమలి మెడ తీశాడు. మక్కు నాని అతుకులన్నీ ఊడిపోయి, పొణికి తేలిక కాబట్టి ముక్కలన్నీ నీళ్ళ మీద తేలి, నీళ్ళు తీస్తుంటే ఎక్కడిదక్కడ దిగిపోయాయి. ఒక ప్లాస్టిక్ బేసిన్ నిండా దొరికాయి, కాళ్ళు, తోకలు, ముక్కులు, సగం రంగు పొక్కు లేచి ఊడింది. బీరువాని మున్సిపాలిటీ ట్రాక్టరు ఎత్తుకుపోయింది గానీ ఆ బేసిన్‌ని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలా.

పది రోజులాగి ఆ బేసిన్ తీసుకుని కొండపల్లి వెళ్ళా. వాళ్ళకీ నీళ్ళ ఇబ్బందులే, ఈ టైములో ఇదేం వెధవ పని అనుకుంటారేమో అని మొహమాటంగానే వెళ్ళా. నాకు మామూలుగా బొమ్మలమ్మే పెద్దాయన ఉన్నాడు, ఆయన బేసిన్‌లోకి తొంగి చూసి ముందు నవ్వాడు. "అయ్యో, సంతంతా సచ్చిందేందమ్మా" అని ముక్కలు తీసి చూసి, "చెక్కకేం కాలేదులే. ఎండలో మాత్రం పెట్టబాక, పగులుద్ది. నీడన ఆరబెట్టు" అన్నాడు. అతికిచ్చి ఇమ్మంటే "నేను అతికిస్తే నీకు కొత్త బొమ్మ ధర పడుద్ది, నువ్వే చేసుకో, చింతపిక్కలు లేవా ఇంట్లో?" అన్నాడు. ఎట్లా చేయాలో చెప్పి, ఒక కవరులో గుప్పెడు పొణికి పొట్టు పోసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. నేను వస్తుంటే వెనక నుంచి ఒక మాటన్నాడు. "ఇన్నేళ్ళకి బొమ్మ రిపేరుకి తెచ్చిన మడిసివి నువ్వేనమ్మా. ఎవరు తెస్తారు, అద్దాలెనక పెడితే ఇరిగేదేముంది."

చింతపిక్కలు వేయించి, దంచి పైన ఎర్రపొట్టు పోయేదాకా చెరిగి, తెల్ల పప్పు రాత్రంతా నానబోసి, మెత్తగా రుబ్బి, సన్న మంట మీద కలుపుతూ ఉంటే గంజిలాగా వచ్చి తర్వాత సాగుద్ది. మొదటిసారి అడుగంటింది. రెండోసారి ఉండలు కట్టింది. మూడోసారి కుదిరింది, అందులో పొట్టు కలిపితే చపాతీ ముద్దకంటే కొంచెం గట్టిగా, వేలికి అంటుకునేట్టు అయింది. మేం అప్పటికి సత్యనారాయణపురంలో ఈ ఇంటికి మారాం, మంచాలు కూడా లేవు, చాపల మీద పడుకుంటున్నాం, నేల మీద పాత పేపర్లు పరిచి నలుగురం కూర్చుని ఏ కాలు ఎవరిదో సర్దటం. ఇంటరు చదివే మా అబ్బాయి, ఫోన్లోంచి తల ఎత్తనివాడు, వాడు కూడా రంగుల్ని బట్టి జత కలిపాడు. అన్నీ దొరకలేదు. ఏనుక్కి ఒక కాలు లేదు, ఎద్దు కాలు ఒకటి మిగిలింది. పెట్టేశాం. నెమలికి తోక లేదు, పోయిన చిలకవి రెక్కలు రెండూ కలిపి పెట్టాం. గుర్రానికి ఆవు తోక. రంగు ఊడినచోట నాన్న పద్ధతిలో సుద్ద, లేత పూత, నల్ల అంచు. కుదిరినంతలో.

ఇప్పుడు మా ఇంటికొచ్చి బొమ్మల్ని దగ్గర నుంచి చూసినవాళ్ళు "ఏనుగు కాలికి గిట్టలేంటండీ?" అంటారు. కొంతమంది పెద్దమనుషులకి ఇది కోపం తెప్పిస్తుంది. ఒకాయన, మా ఆఫీసుకొచ్చే ఆడిటరుగారు, "అది సంప్రదాయ కళమ్మా, మీరు అట్లా ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు" అన్నారు. నేనేం మాట్లాడలేదు గానీ ఇంటికొచ్చాక ఆలోచించా. ఈ సంప్రదాయం అనే మాట చేసేవాళ్ళ నోట్లోంచి వచ్చినప్పుడు ఒకలాగా, కొని అద్దాల వెనక పెట్టేవాళ్ళ నోట్లోంచి వచ్చినప్పుడు ఇంకోలాగా ఉంటది. చేసేవాళ్ళు మారుస్తూనే ఉన్నారు, ఒకప్పుడు ఆకుల రంగులు, ఇప్పుడు డబ్బా రంగులు, ఆవులతో పాటు ఇప్పుడు కొత్త బొమ్మలు బోలెడు. వాళ్ళకి పొణికి చెట్టు దొరకటం కష్టమైపోతుంటే దాని గురించి అడగని పెద్దమనిషి నా ఏనుగు కాలు గురించి బాధపడుతున్నాడు.

మెక్సికోలో అలెబ్రిహే అని ఒక రకం బొమ్మలు ఉన్నాయి, గిట్టల ఏనుగు వాటి పక్కన పెడితే చాలా బుద్ధిమంతురాలు. మెక్సికో సిటీలో పెద్రో లినారెస్ అనే ఆయన అట్టముద్దతో బొమ్మలు చేసుకుంటూ బతికేవాడు, 1936లో జబ్బు చేసి జ్వరంలో ఒక కల వచ్చిందంట, కలలో రెక్కలున్న గాడిద, ఎద్దు కొమ్ముల కోడిపుంజు, గద్ద తల సింహం, అన్నీ కలిసి అలెబ్రిహే అలెబ్రిహే అని అరిచాయంట. లేచాక వాటినే చేశాడు. తర్వాత వహాకా వైపు పల్లెటూళ్ళలో వాటిని కోపల్ అనే మెత్తటి తేలిక చెక్కతో చెక్కటం మొదలుపెట్టారు, అది మన పొణికికి చుట్టం అనిపిస్తది నాకు. ఇప్పుడు అదే వాళ్ళ సంప్రదాయం. ఒకాయన జ్వరం తొంభై ఏళ్ళు తిరక్కుండానే సంప్రదాయం అయినప్పుడు బుడమేరు చేసిన బొమ్మలు ఎందుకు కాకూడదు అని నేను మా ఆయన్ని అడిగితే "ముందు దాని వీపు మీద నుంచి నా తాళాలు ఇటివ్వు" అన్నాడు.

అన్నీ నాకు అనుకూలంగానే చెప్పుకుంటే బాగోదు కాబట్టి ఎదుటివాళ్ళ మాటల్లో నిజం ఉన్నవి కూడా చెప్తా. దుమ్ము. విజయవాడ దుమ్ము గురించి విజయవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, వేసవిలో పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. బొమ్మలు తుడవటం ఎవరి పని అంటే ఇంట్లో ఆడవాళ్ళదే అవుతుంది, అందుకే మా ఇంట్లో ఎవరు కావాలని పట్టుకొచ్చిన బొమ్మని వాళ్ళే తుడవాలి అని పెట్టా. ఆ రూలు వల్ల మా అబ్బాయి బొమ్మలు తేవటం మానేశాడు, సరే. రెండోది రంగు. ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులు, దాటకూడదని 2017 నవంబరు నుంచి రూలు ఉంది, అంతకుముందు డబ్బాల్లో ఏముండేదో మా నాన్న వేళ్ళకే తెలియాలి. పిల్లల బొమ్మలకి 2021 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసినా చేతిపని వాళ్ళకీ, జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు, ఉన్నవాటికీ మినహాయింపు ఇచ్చారు, ఇవ్వటం న్యాయమే, లేకపోతే వసారాలో కూర్చుని చేసేవాళ్ళు ల్యాబు ఫీజులు ఎక్కడ కడతారు. కానీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే డబ్బా పెయింటు బొమ్మ నేలమీద వదలొద్దు, నేనే వదల్లేదు.

మా అమ్మాయి పాకే వయసులో దానికి ఇచ్చింది ఏటికొప్పాక బొమ్మలు. అనకాపల్లి వైపు వరాహ నది ఒడ్డున ఊరు అది. అంకుడు కర్రని మరమీద గిర్రున తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి చెక్కకి పట్టుద్ది, మూల అనేది ఉండదు, అంతా గుండ్రం, నున్నగా. రంగులు గింజలు, బెరళ్ళు, వేళ్ళు, ఆకుల నుంచి తీస్తారు. ఆ పని మళ్ళీ నిలబెట్టిన చింతలపాటి వెంకటపతిరాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలదే, మూడో బహుమతి కూడా వచ్చింది. శకటం టీవీలో చూసి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరూ జెండాలు పెట్టారు. వాళ్ళలో ఎంతమంది ఇంట్లో ఆ బొమ్మ ఒక్కటైనా నేల మీద దొర్లుతుందో అడగాలనిపించి ఊరుకున్నా. మా దగ్గర ఉన్న గుడ్లగూబ అప్పటిదే, మెడ చుట్టూ మా అమ్మాయి పళ్ళ గాట్లు వరసగా ఉంటాయి, వరదలో దానికేం కాలేదు, అతుకే లేదు కదా ఊడటానికి.

ఇంకో మాట బేరం గురించి, అది నామీదే చెప్పుకోవాలి. మొదట్లో నేను కూడా కొండపల్లిలో బేరమాడేదాన్ని, బీసెంట్ రోడ్డులో జాకెట్టు ముక్కకి ఆడినట్టు. ఆవు దూడకి 400 చెప్తే 250 అని వెళ్ళిపోతున్నట్టు నటించి మళ్ళీ వెనక్కి వచ్చి. ఏనుక్కి ఒక్క చెవి అతికించటానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలిశాక, అదీ వంకరగా, మళ్ళీ నోరు రాలేదు. ఇప్పుడు ఏడాదికి ఒకటే కొంటా, చెప్పిన ధరకే.

ఆ రోజు మా ఆడపడుచు వెళ్ళేటప్పుడు ఆ గుడ్లగూబ ఇంకా చేతిలోనే ఉంది, గమనించుకుని కుర్చీలో పెట్టబోయింది. "తీసుకుపో, పాప ఆడుకుంటది" అన్నా. "వద్దొదినా, మా ఇంట్లో ఎక్కడ పెడతా" అంది నిజంగానే బాధగా, అన్నీ లోపలికి పోయే ఇల్లు కదా, పైన పెట్టటానికి ఒక్క గట్టు ఉంచలేదు వాళ్ళు. సరే నేల మీద పెట్టు అన్నా. పెట్టిందో లేదో తెలీదు గానీ నిన్న రాత్రి ఫోటో పంపింది. తెల్ల గోడ, బూడిద రంగు సోఫా, సోఫా కింద నుంచి రెండు గుండ్రటి కళ్ళు. కింద మెసేజి, "పాప రోబోట్ క్లీనర్ మీద ఎక్కించి తిప్పుతుంది వదినా, ఒక చెవి కొస విరిగింది, ఏం చేయాలి?"

చింతపిక్కలు నానబోశా. రేపు సాయంత్రం తీసుకురమ్మన్నా, పాపని కూడా.